పిల్లాడికి దెబ్బలు, పెద్ద దొంగకు వాటా

దొంగల కథ అంటే పిల్లలు చెవి కోసుకుంటారు. తెనాలి రామకృష్ణుడు దొంగలచేత రాత్రంతా బావి తోడించి పెరటి చెట్లకు నీళ్లు పెట్టించిన కథ వినని వారు మన ఊళ్లలో అరుదు. 1947 జూలైలో మొదలైన చందమామ దొంగల కథలు, గుహల కథలు, అడవి దారుల కథలు ఏళ్ల తరబడి ఇంటింటికీ మోసుకొచ్చింది.

ఆ కథల్లో దిక్కులేని పిల్లవాడు కనిపిస్తే చదివేవారి మనసు వాడివైపే మొగ్గుతుంది. వాడు ఆకలికి ఓ రొట్టె ముక్క ఎత్తుకుపోయినా 'పాపం' అంటాం. రాజభటులకు చిక్కకుండా తప్పించుకుంటే ఊపిరి పీల్చుకుంటాం. మరి అదే పిల్లవాడు పుస్తకంలోంచి దిగి, సంతలో మన జేబులో చెయ్యి పెడితే? పట్టుకుంటాం. స్తంభానికి కట్టేస్తాం. పోయినవాడూ పోనివాడూ తలా ఒక దెబ్బ వేస్తారు.

పుస్తకంలో పిల్లవాడికీ సంతలో పిల్లవాడికీ తేడా ఒక్కటే. పుస్తకంలో వాడి వెనక ఎవరున్నారో రచయిత మనకు చెబుతాడు. సంతలో చెప్పేవారు ఉండరు. మనం అడగం. అడగకపోవడంవల్ల లాభపడేది ఎవరు? ఆ పిల్లవాణ్ణి పంపి, పది గజాల దూరంలో టీ తాగుతూ నిలబడ్డ పెద్దమనిషి!

ఏరు దాటితే వేరే సర్కారు ఉన్న రోజుల నుంచి సెల్‌ఫోన్లు వచ్చిన ఈ రోజులదాకా, పిల్లలు, దొంగతనాలు, చట్టాలు ఎలా నడిచాయో ఒకసారి వెనక్కి తిరిగి చూస్తే ఈ సంగతి తేటతెల్లమవుతుంది.

కథలు ముందే చెప్పాయి

వీధిపిల్లల కథల్లో ప్రపంచమంతా చదివింది ఇంగ్లీషు రచయిత చార్లెస్ డికెన్స్ రాసిన 'ఆలివర్ ట్విస్ట్'. 1837 నుంచి 1839 వరకు పత్రికలో ధారావాహికగా వచ్చింది. ఆలివర్ అనాథ. పేదల కోసం సర్కారు పెట్టిన సత్రంలో పుట్టాడు. అక్కడి ఆకలి, తర్వాత పనికి పెట్టిన చోట దెబ్బలు భరించలేక లండన్‌కు కాలినడకన పారిపోయాడు. దారిలో తన ఈడు పిల్లవాడొకడు కలిశాడు. అన్నం పెట్టించాడు. ఉండటానికి చోటుంది రమ్మన్నాడు. ఆ చోటు ఫాగిన్ అనే ముసలివాడి ఇల్లు. ఆటలాడిస్తున్నట్లే జేబురుమాళ్లు లాగడం పిల్లలకు నేర్పడం వాడి పని. పిల్లలు తెచ్చిన సొత్తు వాడి పెట్టెలో చేరుతుంది.

ఒకరోజు దొంగతనం చేసింది వేరే పిల్లలు. భయపడి పరుగెత్తింది ఆలివర్. జనం 'దొంగ, దొంగ' అంటూ వెంటపడి వాణ్ణే పట్టుకున్నారు, వాణ్ణే కొట్టారు. పరుగెత్తడమే వాడు చేసిన నేరం.

డికెన్స్ ఇదంతా గాలిలోంచి తీసి రాయలేదు. తండ్రి అప్పు తీర్చలేక జైలుకు వెళితే, 12 ఏళ్ల వయసులో ఆయన బూటు పాలిష్ డబ్బాలకు కాగితాలు అంటించే పనికి కుదిరాడు. ఆ వీధులు, ఆ పిల్లలు ఆయన కళ్లారా చూసినవే. ఆ కాలంలో ఇంగ్లండులో చిన్న దొంగతనానికి కూడా పిల్లల్ని ఓడలెక్కించి ఆస్ట్రేలియాకు పంపేసేవారు.

జర్మనీ రచయిత ఎరిక్ కెస్ట్‌నర్ 1929లో రాసిన 'ఎమిల్' కథ ఇందుకు తిరగవేత. చిన్న ఊరినుంచి రైలెక్కిన ఎమిల్ నిద్రపోయి లేచేసరికి కోటుకు గుచ్చిపెట్టుకున్న డబ్బు పోయింది. తీసినవాడు టోపీ పెట్టుకున్న పెద్దమనిషి. బెర్లిన్ వీధుల్లోని పిల్లలంతా కూడి, ఊరంతా వెంటాడి ఆ దొంగను పట్టించారు. షెర్లాక్ హోమ్స్ కథల్లోనూ అంతే. పోలీసులు కూడా తీయలేని కూపీ వీధిపిల్లలు తీసుకొస్తారు. అదే పిల్లలు, అదే తెలివి, అవే కాళ్లు. ఫాగిన్ చేతిలో పడితే దొంగలవుతారు, మంచివాడి చేతిలో పడితే దొంగను పట్టేవారవుతారు.

వాల్మీకి అడిగిన ప్రశ్న

అంత దూరం పోనక్కర్లేదు. రాముడి ఊరు మనది. రామాయణం రాసిన వాల్మీకి మొదట దారిదోపిడి చేసేవాడని పెద్దలు కథ చెబుతారు. అడవి దారిలో ఎదురైన ముని, 'నీ ఇంట్లోవాళ్లు ఈ పాపంలో కూడా పాలు పంచుకుంటారేమో అడిగిరా' అన్నాడట. వెళ్లి అడిగితే భార్యాపిల్లలు 'తిండి పెట్టడం నీ ధర్మం, పాపం మాకెందుకు' అన్నారట. ఆ మాటకు ఆయన కళ్లు తెరుచుకున్నాయి.

ఇప్పుడు పిల్లలచేత దొంగతనాలు చేయించేవారి లెక్క కూడా ఇదే. సొమ్ము పెద్దవాడిది, పాపం పిల్లవాడిది. జేబు కత్తిరించినది పిల్లవాడి చెయ్యి గనక దెబ్బలు పిల్లవాడికి, కేసు పిల్లవాడికి, పేరు పిల్లవాడికి. వాటా మాత్రం ఇంకొకరికి. వాల్మీకి మనసు మారింది ఎవరో కొట్టినందుకు కాదు, ఒక ప్రశ్న అడిగినందుకు. ఆ తర్వాత తండ్రికి దూరంగా పుట్టిన కుశలవులు పెరిగింది కూడా ఆయన ఆశ్రమంలోనే. ఒకప్పటి దొంగ నీడలో ఇద్దరు పిల్లలు విద్య నేర్చుకుని మొనగాళ్లయ్యారని మనం భక్తితో చెప్పుకుంటాం.

ఏరు దాటితే వేరే సర్కారు

పాతతరంవారికి గుర్తుండే ఉంటుంది. 1948కి ముందు గోదావరికి ఇవతల బూర్గంపాడు నిజాం రాజ్యం. అవతల భద్రాచలం మద్రాసు రాజధానిలోని గోదావరి ఏజెన్సీ. భద్రాచలం, రేకపల్లి తాలూకాలను నిజాం 1860లో బ్రిటిషువారికి అప్పగించాడు. మొదట కొన్నాళ్లు మధ్య పరగణాల్లో ఉండి, 1874లో అవి మద్రాసు రాజధానిలో కలిశాయి. భద్రాచలం ఖమ్మం జిల్లాలోకి వచ్చింది 1959లో. గోదావరి మీద వంతెన తెరిచింది 1965లో. అందాకా పడవలు, లాంచీలే దిక్కు.

పడవ దిగితే రూపాయి మారేది. ఇవతల హాలీ సిక్కా, అవతల ఇంగ్లీషు రూపాయి. సరుకు దాటితే కరోడ్‌గిరి సుంకం కట్టాలి. పోలీసు అధికారం కూడా నది మధ్యలో ఆగిపోయేది. ఇవతల ఒడ్డున తప్పు చేసినవాడు అవతల ఒడ్డు చేరితే ఒక సర్కారు ఇంకో సర్కారుకు కాగితం రాసుకోవాల్సిందే. దట్టమైన అడవి, రెండు సర్కార్లు, మధ్యలో ఏరు. పరారీ అయ్యేవారికి ఇంతకన్నా అనువైన చోటు ఏముంటుంది?

ఈ సరిహద్దు దారులమీద దొంగలు కాని వారు కూడా తిరిగేవారు. కోస్తా నుంచి ఉప్పు ఎద్దుల మీద వేసుకుని లోపలి ఊళ్లకు తెచ్చే ఎరుకలవారు, లంబాడీలు వారిలో ముఖ్యులు. ఉప్పు ఇచ్చి ధాన్యం, అడవి సరుకు తీసుకుపోయేవారు. వెదురుబుట్టలు, ఈతాకు చాపలు అల్లి అమ్మేవారు. ఇల్లు, పశువులు, పిల్లలు అన్నీ వారి వెంటే నడిచేవి.

ఈ బతుకు రెండు దెబ్బలకు కూలింది. 1880ల్లో నిజాం రైలు ఓరుగల్లు దాటి, 1889 నాటికి బెజవాడ చేరింది. ఎద్దు మోసే ఉప్పు రైలు మోయసాగింది. అదే దశకంలో 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చి అడవికి కంచె వేసింది. వెదురు కొట్టినా, పశువు మేపినా రుసుమో జరిమానానో కట్టవలసిందే. పని పోయింది, తిరగడం మాత్రం మిగిలింది. పనిలేకుండా తిరిగేవాణ్ణి సర్కారు ఏమంటుంది? దొంగ అంటుంది.

పుట్టగానే దొంగ!

అన్నమాటను చట్టంగా కూడా రాసేసింది. 1871లో బ్రిటిషు ప్రభుత్వం నేరస్త జాతుల చట్టం తెచ్చింది. ఆ చట్టం కింద ఒక జాతి మొత్తాన్ని నేరస్తులుగా ప్రకటించవచ్చు. ఎవరు ఏ నేరం చేశారో రుజువు చేయనక్కర్లేదు. ఆ జాతిలో పుడితే చాలు. మొదట ఉత్తరాదిన అమలైన ఈ చట్టం 1911లో మద్రాసు రాజధానికి వచ్చింది. ఎరుకలవారు ఎందరో ఆ జాబితాకెక్కారు. వేలిముద్రలు ఇవ్వాలి, హాజరు వేయించుకోవాలి, ఊరు దాటితే చీటీ కావాలి.

పిల్లల సంగతి ఇంకా దారుణం. 1897లో ఈ చట్టానికి చేసిన సవరణ 4 నుంచి 18 ఏళ్ల వయసు పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే సెటిల్‌మెంట్లలో పెట్టే అధికారం ఇచ్చింది. నాలుగేళ్ల పిల్లవాడు ఏం దొంగిలించాడని? ఏమీ లేదు. రేపు దొంగిలిస్తాడేమోనని!

మన తెలుగునాట ఇందుకు పేరుపడిన చోటు బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు అప్పగించి, మద్రాసు ప్రభుత్వంలో హోం సభ్యుడైన హెరాల్డ్ స్టూవర్ట్ పేరుతో 1913-14లో ఆ సెటిల్‌మెంటు పెట్టించారు. కృష్ణ ఒడ్డున సీతానగరంలో, నెల్లూరు జిల్లా కావలిలో కూడా సెటిల్‌మెంట్లు వెలిశాయి. పెద్దలకు పొలం పని, చీరాల పొగాకు కంపెనీలో కూలి. పిల్లలకు బడి. అక్షరం నేర్పడం మంచిదే. కాని ఊరు చుట్టూ పోలీసు, చేతిలో హాజరుపట్టీ ఉన్నప్పుడు ఆ పిల్లవాడు బడిలో మొదట నేర్చుకునే పాఠం ఏమిటి? 'నేను దొంగను' అన్నదే.

స్వాతంత్య్రం వచ్చాక మద్రాసు రాష్ట్రం 1947లోనే ఈ చట్టాన్ని ఎత్తేసింది. కేంద్రం మన తెలుగువాడైన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన విచారణ సంఘం వేసింది. దాని సిఫారసుతో 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం రద్దయింది. నాటినుంచి ఆ జాతులను విముక్త జాతులు అంటున్నారు.

చట్టం పోయినా పేరు పోలేదు. ఎక్కడ దొంగతనం జరిగినా ముందు ఆ ఊరికే జీపు వెళ్లడం, బడిలో ఊరిపేరు చెబితే పక్కపిల్లవాడు పలకాబలపం దగ్గరకు లాక్కోవడం ఏళ్ల తరబడి సాగాయి. ఆ పేరు తుడవాలని కవి గుర్రం జాషువా కుమార్తె హేమలతా లవణం, ఆమె భర్త, గోరా కుమారుడు లవణం 1970ల్లో స్టూవర్టుపురం వెళ్లి పనిచేశారు. లాఠీ పట్టుకుని వెళ్లలేదు. ఇంటింటికీ తిరిగి మాట్లాడారు. దొంగతనం మానినవారికి పని, పిల్లలకు చదువు కావాలని పట్టుబట్టారు. హేమలత 2008లో కన్నుమూశారు. ఆ ఊరినుంచి చదువుకుని ఉద్యోగాలు చేస్తున్నవారు ఇవాళ ఎందరో ఉన్నారు. సినిమాలు మాత్రం ఇంకా ఆ ఊరి దొంగల కథలే తీస్తున్నాయి.

లాకప్పులో బాల్యం

జాతి చట్టం ఒకవైపు ఉండగా, పిల్లల నేరాల గురించి ఇంకో ఆలోచన కూడా మెల్లగా పెరిగింది. 1860 నాటి భారత శిక్షాస్మృతే 7 ఏళ్ల లోపు పిల్లవాడు చేసినది నేరం కాదంది. 7 నుంచి 12 ఏళ్ల మధ్య పిల్లవాడికి తాను చేసేదేమిటో తెలిసే వయసు వచ్చిందా లేదా అన్నది చూడాలంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ అదే మాట ఉంది.

1920లో మద్రాసు రాజధాని దేశంలోనే మొట్టమొదటి బాలల చట్టం చేసింది. పిల్లల్ని పెద్ద ఖైదీలతో కలపకూడదన్నది దాని సారం. హైదరాబాదు రాష్ట్రానికి అలాంటి చట్టం 1951లో వచ్చింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కూడా ఆంధ్ర ప్రాంతానికి ఒకటి, తెలంగాణ ప్రాంతానికి ఒకటి ఉండిపోయాయి. ఏరు మధ్యలోని గీత పోయినా, చట్టాల పుస్తకాల్లో ఆ గీత ఇంకా ముప్పయి ఏళ్లు నిలిచింది.

కాగితం మీద చట్టం ఉన్నా పిల్లలు జైళ్లలోనే ఉన్నారు. షీలా బార్సే అనే పాత్రికేయురాలు జైళ్లలోని పిల్లల సంగతి సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్లారు. 1986లో కోర్టు కన్నెర్రజేసి, పిల్లల్ని జైల్లో పెట్టరాదని, జిల్లా జడ్జీలు జైళ్లు తనిఖీ చేయాలని ఆదేశించింది. ఆ ఏడాదే దేశానికంతటికీ ఒకే బాలల న్యాయ చట్టం వచ్చింది. అందులో మగపిల్లలకు 16 ఏళ్లు, ఆడపిల్లలకు 18 ఏళ్లు హద్దు. 2000లో వచ్చిన చట్టం ఇద్దరికీ 18 ఏళ్లు చేసింది. ఇప్పుడు నడుస్తున్నది 2015 చట్టం. ఘోరమైన నేరం చేసిన 16-18 ఏళ్లవారి విషయంలో వేరే పరిశీలన జరుగుతుంది. జేబుదొంగతనం లాంటి వాటికి అది వర్తించదు.

రైలెక్కిన పిల్లవాడు

పుట్టుకతో దొంగ అన్న మాట అబద్ధమైతే, పిల్లవాడు దొంగ ఎలా అవుతాడు? దారి తెలిసినదే. ఇంట్లో తాగుబోతు తండ్రి, లేదా తల్లి పోయి సవతి పోరు. బడిలో దెబ్బలు. పరీక్ష తప్పిన భయం. ఒకరోజు పిల్లవాడు కొత్తగూడెంలో రైలెక్కుతాడు. భద్రాచలానికి రైలు లేదు గనక, దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న కొత్తగూడెం స్టేషనుకే భద్రాచలం రోడ్డు అని పేరు. అక్కడినుంచి డోర్నకల్ జంక్షన్. ఇటు వెళితే కాజీపేట, అటు వెళితే విజయవాడ. టికెట్ అడిగేవాడు రాకుండా ఉంటే చాలు, దేశమంతా తెరిచి ఉన్నట్లే.

పెద్ద స్టేషనులో దిగిన పిల్లవాడు మొదటి పూట గడిపేస్తాడు. రెండోపూటకు ఆకలి. సరిగ్గా అప్పుడే ఒక 'అన్న' వస్తాడు. ఇడ్లీ తినిపిస్తాడు. పడుకోవడానికి చోటు చూపిస్తాడు. ఖాళీ సీసాలు ఏరుకొచ్చే పని చెబుతాడు. వారం తిరిగేసరికి పిల్లవాడు అన్నకు బాకీ పడతాడు. అలసట తెలియకుండా గుడ్డలో పోసి పీల్చే మందు అలవాటు చేస్తారు. ఆ మందు కోసం డబ్బు కావాలి. డబ్బు కోసం జనంలోకి చెయ్యి పంపాలి. 1837లో లండన్‌లో రాసిన కథకూ దీనికీ తేడా ఏముంది? ఊరిపేరు ఒక్కటే.

పిల్లలనే ఎందుకు పంపుతారు? చెయ్యి చిన్నది, జేబులోకి తెలియకుండా దూరుతుంది. కిటికీ ఊచల్లోంచి ఒళ్లు దూరుతుంది. దొరికితే జనం ఒక్కోసారి జాలిపడి వదిలేస్తారు. కేసైనా శిక్ష తక్కువ. అన్నిటికీ మించి, పిల్లవాడు భయపడి అన్న పేరు చెప్పడు. చెప్పినా నమ్మేవారు ఉండరు.

శ్రీరామనవమినాడు భద్రాచలం మిథిలా స్టేడియం చుట్టూ జనం ఇసుకవేస్తే రాలరు. ఆ రోజు ఎవరి పర్సు పోయినా, ఏ పిల్ల తప్పిపోయినా మైకులో పిలుపు వినిపిస్తూనే ఉంటుంది. తప్పిపోయిన పిల్లను వెతుకుతున్న తల్లి, పర్సు తీసే పిల్లను పంపిన అన్న, ఇద్దరూ ఒకే గుంపులో ఉంటారు. తప్పిపోయిన పిల్ల ఎవరి చేతిలో ముందు పడుతుందన్నదే ప్రశ్న.

అడవి దాటి వచ్చినవారు

మన ప్రాంతానికి ఇంకో సంగతి ఉంది. 2005లో పక్కనున్న ఛత్తీస్‌గఢ్ దంతెవాడ జిల్లాలో సల్వాజుడుం మొదలయ్యాక, ఆ హింసకు తట్టుకోలేక వేలాది గొత్తికోయలు సరిహద్దు దాటి చర్ల, దుమ్ముగూడెం అడవుల వైపు వచ్చారు. అడవిలో గుడిసెలు వేసుకున్నారు. మిరపకోతల కాలంలో పెద్దలతోపాటు పిల్లలు కూడా తోటల్లో కనిపిస్తారు. ఆ పిల్లల్లో చాలామందికి కోయమాట తప్ప తెలుగు రాదు. చూపించడానికి కాగితం లేదు.

భాష రాని పిల్లవాడు సంతలో అమ్మను విడిపోయాడనుకోండి. ఎవరో గదమాయిస్తారు. 'ఎవడ్రా నువ్వు, ఏ ఊర్రా?' అంటారు. వాడికి అర్థం కాదు, పరుగెత్తుతాడు. అంతే. పరుగే సాక్ష్యం. ఆలివర్ కథ మళ్లీ మొదలవుతుంది. ఒకప్పుడు ఉప్పు మోసుకొచ్చిన సంచారిని చూసి దొంగ అన్న కళ్లే, ఇవాళ అడవి దాటి వచ్చిన పిల్లవాణ్ణి చూస్తున్నాయి.

ఇంకో ప్రమాదం గంజాయి. ఆంధ్ర-ఒడిశా సరిహద్దు నుంచి వచ్చే గంజాయి భద్రాచలం దారిలో పట్టుబడిన వార్తలు తరచూ చదువుతున్నాం. సంచి ఎక్కడ ఇవ్వాలో చెప్పి, బస్సు చార్జీ, పైన కొంత చేతిలో పెడితే వెళ్లే పిల్లలు పేద ఇళ్లలో దొరుకుతారు. లోపల ఏముందో ఆ పిల్లవాడికి తెలియకపోవచ్చు. పంపినవాడికి తెలుసు.

చట్టం ఏమంటోంది?

ఈ పంపినవాడి గురించి చట్టం గట్టిగానే చెప్పింది. పిల్లల్ని చట్టవిరుద్ధమైన పనులకు వాడుకున్న పెద్దలకు 2015 బాలల న్యాయ చట్టం కింద 7 ఏళ్ల వరకు కఠిన శిక్ష, 5 లక్షల రూపాయల వరకు జరిమానా. పిల్లలచేత నేరం చేయించినవారికి న్యాయ సంహిత 95వ సెక్షను కింద 3 ఏళ్లకు తగ్గకుండా 10 ఏళ్ల వరకు శిక్ష ఉంది. పిల్లలచేత బిచ్చమెత్తిస్తే 5 ఏళ్ల వరకు శిక్ష, లక్ష జరిమానా. మత్తు సరుకు మోయిస్తే 7 ఏళ్ల వరకు శిక్ష, లక్ష వరకు జరిమానా.

పిల్లవాడి విషయంలో పోలీసులకు కూడా హద్దులున్నాయి. బేడీలు వేయరాదు. లాకప్పులో, జైల్లో పెట్టరాదు. 24 గంటల్లో జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. నేరం ఏమీ లేక దిక్కులేకుండా దొరికిన పిల్లలైతే బాలల సంక్షేమ కమిటీ ముందుకు తీసుకెళ్లాలి.

మనకూ కొన్ని విధులున్నాయి. ఒంటరిగా, దిక్కుతోచక ఉన్న పిల్లవాణ్ణి చూసినవారు 24 గంటల్లో పోలీసులకో, బాలల సంక్షేమ కమిటీకో, 1098 నంబరుకో తెలపాలి. 1098కి డబ్బు ఖర్చు కాదు, పగలూ రాత్రీ పనిచేస్తుంది. 112కి చేసినా సరే. రైల్లో, ప్లాట్‌ఫారం మీద అయితే రైల్వేవారి నంబరు 139. మీ దగ్గర ఫోను లేకపోతే అంగన్‌వాడీ టీచరుకు చెప్పినా, పంచాయతీ కార్యదర్శికి చెప్పినా వారు చేస్తారు. తెలుగు రాని పిల్లవాడైతే కోయమాట తెలిసినవారిని ఒకరిని పిలవండి. మన ఊళ్లలో అందుకు కొరత లేదు.

దొరికిన పిల్లవాణ్ణి కట్టేసి కొట్టడం నేరం. కొడుతుంటే సెల్‌ఫోనులో తీసి నలుగురికీ పంపడం ఇంకో నేరం. ఏ కేసులో ఉన్న పిల్లవాడి పేరు, ఊరు, ఫొటో బయటపెట్టినా 6 నెలల వరకు జైలు, లేదా 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడతాయి. ఎందుకింత జాగ్రత్త అంటారా? పిల్లవాడు ఒకసారి చేసిన తప్పు వాడి పేరుకు జీవితాంతం అంటుకోకూడదన్నది ఈ చట్టం ఉద్దేశం. ఒక ఊరికి ఊరే ఏళ్ల తరబడి దొంగ పేరు మోసిన చరిత్ర చూశాం. పదేళ్ల పిల్లవాడు ఒంటరిగా ఆ పేరు మోయగలడా?

పోయిన డబ్బు సంగతి?

'నీతులు బాగానే ఉన్నాయి, మిరపకాయలమ్మిన డబ్బు పోయింది నాది' అని రైతు అడిగితే అందులో తప్పు లేదు. ఏడాది కష్టం ఒక్క కత్తెర వేటుకు పోతే కడుపు మండుతుంది. కాని కొట్టినందువల్ల ఆ డబ్బు తిరిగి వస్తుందా? రాదు. పిల్లవాడి జేబులో ఉండదు గనక రాదు. చేతికి అందిన క్షణంలోనే అది చేతులు మారిపోతుంది. పిల్లవాడి చుట్టూ జనం మూగి కొడుతున్న ఆ పది నిమిషాలే పెద్ద దొంగ బస్సెక్కడానికి కావలసిన వ్యవధి. నలుగురు కొడుతూ ఉంటే వాడికి అంతకన్నా ఏం కావాలి?

అందుకే పిల్లవాణ్ణి పట్టుకున్నాక ఒకరు వాణ్ణి పక్కన కూర్చోబెట్టి మంచినీళ్లు ఇవ్వాలి. ఇంకొకరు పోలీసులకు ఫోను చేయాలి. మిగిలినవారు పిల్లవాడి చుట్టూ మూగకుండా సంత నాలుగు దారులూ చూడాలి. ఎవరు తొందరగా జారుకుంటున్నారు? పిల్లవాడి కళ్లు భయంతో పదేపదే ఎవరివైపు పోతున్నాయి?

'ఎందుకు తీశావు?' అని అడిగితే పిల్లవాడు ఏడుస్తాడు. 'తీసి ఎవరికి ఇస్తావు?' అని అడిగితే అసలు దొంగ బయటపడతాడు. రేపటి సంతలో ఎవరైనా పిల్లవాడు దొరికితే మొదటి ప్రశ్న మాని రెండోది అడగండి.